తీర సముద్రపు కొలతలు, మోడల్ అంచనాలు ఒకే వెబ్ మ్యాపులో: మొదటి ఫైలు నుంచి మొబైల్ తెర దాకా

సముద్రంలో పరికరాలు కొలిచిన విలువల్ని, కంప్యూటర్ మోడల్ లెక్కగట్టిన అంచనాల్ని ఒకే మ్యాపులో చూపే ఈ పని గురించి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. "ఫైలు ఉంది, మ్యాపు రావడం లేదు" అనేవాళ్లు కొందరు. "మ్యాపు వచ్చింది, అది సరైనదో కాదో తెలియడం లేదు" అనేవాళ్లు మరికొందరు. మొదటి చిక్కు ఒక సాయంత్రంలో తీరుతుంది. రెండోదే అసలు పని. అందుకే ఇందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మీద కంటే డేటాను సిద్ధం చేయడం మీద, సరిచూసుకోవడం మీద ఎక్కువసేపు నిలబడతాను.

ఉదాహరణగా ఆంధ్ర తీరాన్నే తీసుకుందాం. అడుగులు ఏ తీరానికైనా ఇవే.

మొదటి నుంచి చివరి దాకా ఒక నియమం పాటించండి: మ్యాపు మీద కనిపించే ప్రతి రంగు, ప్రతి చుక్క మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇది కొలిచిందా, లెక్కగట్టిందా? ఏ సమయానిది? అందిన తరువాత ఎంతసేపయింది? ఈ మూడూ లేని సముద్రపు మ్యాపు ఎంత అందంగా ఉన్నా నేను ఎవరికీ పంపను.

1. కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద రాసుకోవలసినవి

చూసేవాళ్లు ఎవరు? పరిశోధక విద్యార్థికి డౌన్‌లోడ్ లింకు కావాలి. వేటకు వెళ్లే మనిషికి రేపు ఉదయం అల ఎత్తెంతో తెలియాలి. పోర్టు ఇంజినీరుకు పోటుపాటుల గ్రాఫు కావాలి. ముగ్గురికీ ఒకే తెర చాలదు. ఒకరిని ఎంచుకుని మొదలుపెట్టండి.

ఆ తరువాత ఇవి రాసుకోండి:

- ఏ అంశాలు? మొదటి మ్యాపుకు రెండు మూడు చాలు: అల ఎత్తు, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, ప్రవాహం.
- ఎంత ప్రాంతం? ఆంధ్ర తీరానికి అక్షాంశం 12.5 నుంచి 20 వరకు, రేఖాంశం 79.5 నుంచి 87 వరకు సరిపోతుంది.
- ఎంత కాలం? గడిచిన ఏడు రోజుల కొలతలు, రాబోయే కొద్ది రోజుల అంచనాలు.
- ఎన్ని గంటలకోసారి కొత్త డేటా వస్తుంది?
- ఆ డేటాను తిరిగి చూపించే అనుమతి మీకు ఉందా?

చివరి ప్రశ్నను చాలామంది దాటేస్తారు. చూడటానికి తెరిచి ఉన్నంత మాత్రాన తిరిగి పంచడానికి అనుమతి ఉన్నట్టు కాదు. డేటా విధానం పేజీ చదివి, ఏ తేదీన చదివారో రాసి పెట్టుకోండి.

2. డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎంత తెచ్చుకోవాలి

కొలతల కోసం ముందు చూడవలసినది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). సముద్రంలో లంగరు వేసిన బోయ్‌లు (సెన్సర్లు మోస్తూ నీటి మీద తేలేవి), ఆర్గో తేలియాడే పరికరాలు, అల కొలిచే బోయ్‌ల సమాచారం అక్కడికి చేరుతుంది. కొన్నింటికి నమోదు కావాలి, కొన్నింటికి అభ్యర్థన పంపాలి. విశాఖపట్నం వంటి చోట్ల సముద్రమట్టాన్ని యునెస్కో అంతర్‌ప్రభుత్వ సముద్రశాస్త్ర కమిషన్ వారి సముద్రమట్ట పర్యవేక్షణ పేజీలో చూడవచ్చు.

ఆర్గో డేటా ఉచితంగా దొరుకుతుంది కదా, దానితో తీరాన్ని నింపేద్దాం అనుకోకండి. ఆ పరికరాలు సాధారణంగా వెయ్యి మీటర్ల లోతున ఉండి, పది రోజులకోసారి పైకి వస్తాయి. లోతు తక్కువ ఉండే తీరపు అంచున అవి పనిచేయవు. దూర సముద్రానికి అవి బంగారం, భీమిలి ముందు నీటికి కాదు.

మోడల్ డేటాకు కోపర్నికస్ మెరైన్ (ఐరోపా యూనియన్ సముద్ర సమాచార సేవ) మంచి మొదలు. నమోదు ఉచితం. ప్రపంచ సముద్ర భౌతిక మోడల్, అలల మోడల్ రెండూ డిగ్రీలో పన్నెండో వంతు గడులతో ఉంటాయి, అంటే మన అక్షాంశాల్లో గడి సుమారు 9 కిలోమీటర్లు. అలల మోడల్ మూడు గంటలకోసారి విలువ ఇస్తుంది.

మొత్తం ప్రపంచం ఫైలు దించుకోవద్దు. వాళ్ల పైథాన్ టూల్‌బాక్స్‌లో సబ్‌సెట్ అనే ఆదేశం ఉంది. మీ హద్దులు, తేదీలు, కావలసిన అంశాలు ఇస్తే అంతవరకే కోసి ఇస్తుంది. పైన చెప్పిన హద్దుల్లో గడులు ఎనిమిది వేల పైచిలుకు. మూడు గంటలకోసారి చొప్పున పది రోజులకు ఎనభై సమయాలు. ఒక్క అంశానికి మామూలు దశాంశ సంఖ్యలుగా రెండున్నర మెగాబైట్లకు కాస్త పైన, అంతే. పెద్ద సర్వర్ లేదని ఆగిపోయినవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

3. నెట్‌సీడీఎఫ్ ఫైలును మ్యాపుకు సిద్ధం చేయడం

మోడల్ డేటా సాధారణంగా నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు రూపంలో వస్తుంది; అంకెలు, వాటి వివరణ ఒకే ఫైలులో ఉంటాయి. ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఇక్కడ వదిలేసిన లోపం సర్వర్‌లో ఒక రూపంలో, బ్రౌజర్‌లో మరో రూపంలో, చూసేవాళ్ల చేతిలో ఇంకో రూపంలో బయటపడుతుంది.

ముందుగా ఎన్‌సీడంప్ అనే ఉపకరణంతో ఫైలు తలభాగం (వివరణల భాగం) మాత్రమే తెరిచి చదవండి. పైథాన్ వాడేవాళ్లు ఎక్స్‌అరే అనే లైబ్రరీలో తెరిచి చూడవచ్చు. ఈ క్రమంలో పరిశీలించండి.

అ) స్టాండర్డ్ నేమ్. సీఎఫ్ కన్వెన్షన్ల (వాతావరణ, సముద్ర ఫైళ్లకు అందరూ పాటించే నియమాలు) ప్రకారం ప్రతి అంశానికీ ఒక ప్రామాణిక పేరు ఉండాలి. ఇది అలంకారం కాదు. ప్రవాహపు తూర్పు భాగానికి, ఉత్తర భాగానికి సరైన ప్రామాణిక పేర్లుంటే ఎన్‌సీడబ్ల్యూఎంఎస్ (ఇలాంటి ఫైళ్ల నుంచి మ్యాపు చిత్రాలు గీసే సర్వర్) ఆ రెండింటినీ తనంతట తానే జతచేసి బాణాలుగా గీస్తుంది. పేర్లు లేకపోతే రెండు వేర్వేరు రంగుల పొరలు చూపించి ఊరుకుంటుంది. "బాణాలు రావడం లేదు" అని నాకు వచ్చిన ప్రశ్నల్లో సగానికి జవాబు ఇదే.

ఆ) యూనిట్లు. ఉపగ్రహ ఉష్ణోగ్రత ఫైళ్లు తరచూ కెల్విన్‌లో ఉంటాయి, బోయ్ విలువ సెల్సియస్‌లో ఉంటుంది. 273.15 తీసేసి, యూనిట్ పేరు కూడా మార్చండి. విలువ మార్చి పేరు మరిచిపోతే ఆర్నెల్ల తరువాత మరొకరు మళ్లీ తీసేస్తారు.

ఇ) ఖాళీ విలువ. నేల మీద విలువ ఉండదు కాబట్టి అక్కడ మైనస్ 32767 వంటి గుర్తు పెడతారు. అది ఫిల్ వాల్యూగా నమోదై ఉండాలి. లేకపోతే మ్యాపులో నేలంతా ఒకే ముదురు రంగు పులుముకుంటుంది, సగటులు పాడవుతాయి.

ఈ) స్కేల్ ఫ్యాక్టర్, యాడ్ ఆఫ్‌సెట్. స్థలం ఆదా కోసం విలువల్ని పూర్ణాంకాలుగా కుదించి దాస్తారు. ఎక్స్‌అరే వాటిని విప్పి చూపిస్తుంది. మీరు సొంతంగా రాసిన జావాస్క్రిప్ట్ విప్పకపోవచ్చు. ఉష్ణోగ్రత 12 వేలు అని కనిపిస్తే వెతకవలసిన చోటు ఇదే.

ఉ) అక్షాల క్రమం. సమయం, లోతు, అక్షాంశం, రేఖాంశం. రేఖాంశం 0 నుంచి 360 వరకా, మైనస్ 180 నుంచి 180 వరకా చూడండి. బంగాళాఖాతానికి రెండు పద్ధతుల్లోనూ సంఖ్య ఒకటే కాబట్టి మనకు ఈ చిక్కు ఎదురుకాదు. అమెరికా తీరం మీద పనిచేసే మనవాళ్లకు మాత్రం మొదటి రోజే తగులుతుంది.

ఊ) ముక్కల అమరిక. ఫైలు లోపల డేటా చిన్న ముక్కలుగా ఉంటుంది. మ్యాపు గీయడానికి ఒక్కో సమయపు పూర్తి చిత్రం ఒక ముక్కగా ఉంటే వేగం. ఒక చోటి గ్రాఫు గీయడానికి కాలం పొడవునా ముక్క ఉంటే వేగం. రెండూ కావాలంటే ఎన్‌సీకాపీ అనే ఉపకరణంతో రెండు ప్రతులు చేసుకోండి. మన ప్రాంతపు ఫైలు చిన్నదే కాబట్టి స్థలం సమస్య రాదు.

చివరగా ఒక చిన్న అలవాటు. కొత్త ఫైలును సర్వర్ చూసే ఫోల్డర్‌లోకి నేరుగా కాపీ చేయకండి. అదే డిస్కులో పక్క ఫోల్డర్‌లోకి దించి, పూర్తయ్యాక పేరు మార్చి లోపలికి జరపండి. సగం కాపీ అయిన ఫైలును సర్వర్ చదివిందంటే ఆ పూటకు పొర మాయమవుతుంది, కారణం ఎక్కడా కనిపించదు.

4. సమయం: అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటు

డేటా అంతా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. మూడు గంటల మోడల్‌లో మనకు వచ్చే సమయాలు 2:30, 5:30, 8:30, 11:30... ఇలా ఉంటాయి. సర్వర్‌లో ఎప్పుడూ యూటీసీనే దాచండి. తెర మీద చూపేటప్పుడు మాత్రమే మార్చండి.

బ్రౌజర్ తన ఊరి సమయాన్ని వాడుకుంటుంది. అదే పేజీని డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు తెరిస్తే అతనికి వేరే గంట కనిపిస్తుంది. అందుకని సమయ మండలాన్ని ఏషియా కోల్‌కతా అని కోడ్‌లో గట్టిగా కట్టేయండి, అంకె పక్కన "భారత సమయం" అని రాయండి.

నేను మొదట చేసిన మ్యాపులో కొలతల్ని భారత సమయంలో, మోడల్‌ను యూటీసీలో పెట్టాను. అలల పొర ఎప్పుడూ కొలతల కంటే ఐదున్నర గంటలు ముందు నడుస్తున్నట్టు కనిపించేది. మోడల్ మంచిది కాదని మూడు వారాలు నమ్మాను. తప్పు నాది. అప్పటినుంచి ఏ మోడల్‌నైనా తప్పుపట్టే ముందు గడియారం చూస్తాను.

ఇంకా రెండు తేడాలు స్పష్టంగా చూపాలి:

- అంచనా ఎప్పుడు లెక్కగట్టారు, ఏ క్షణానికి లెక్కగట్టారు అనేవి రెండు వేర్వేరు సమయాలు. రెండూ తెర మీద ఉండాలి: "నిన్నటి లెక్క, రేపు ఉదయం 5:30 కి".
- రోజు సగటు ఫైలైతే గంట వేయకండి. అది యూటీసీ రోజు, అంటే మన ఉదయం 5:30 నుంచి మరుసటి ఉదయం 5:30 వరకు. "ఫలానా తేదీ సగటు" అని రాయండి.

5. కొలతలకు నాణ్యత గుర్తులు పెట్టడం

బోయ్ పంపినదంతా సత్యం కాదు. సెన్సర్ మీద నాచు, గుల్లలు పట్టి లవణీయత విలువలు మెల్లగా జారిపోతాయి. లంగరు తెగి బోయ్ కొట్టుకుపోతూ కూడా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. అది మీ మ్యాపులో పాత చోటే కనిపిస్తే, ఎక్కడిదో నీటి విలువను మీరు కాకినాడ ముందర చూపుతున్నట్టు.

క్వార్టాడ్ (సముద్రపు కొలతల నాణ్యత పరీక్షకు అమెరికాలో రూపొందించిన పద్ధతి) గుర్తులు వాడండి: 1 బాగుంది, 2 పరీక్షించలేదు, 3 అనుమానం, 4 పనికిరాదు, 9 లేదు. ఐఓఓఎస్ క్యూసీ అనే పైథాన్ లైబ్రరీలో పరీక్షలు సిద్ధంగా ఉన్నాయి. కనీసం ఇవి చేయండి:

- హద్దు పరీక్ష: బంగాళాఖాతపు ఉపరితలంలో 15 డిగ్రీలు వచ్చిందంటే అది సెన్సర్ మాట, సముద్రం మాట కాదు.
- ముల్లు పరీక్ష: ఒక్క విలువ హఠాత్తుగా ఎగిసి మళ్లీ పాత చోటికి రావడం.
- కదలని విలువ: గంటల తరబడి ఒకే అంకె.
- స్థానం: బోయ్ ఉండవలసిన చోటి నుంచి కొన్ని కిలోమీటర్లు జరిగితే హెచ్చరిక.

ముల్లు పరీక్షను అతిగా బిగించకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున గాలి, అల, పీడనం నిజంగానే ఎగిసిపడతాయి. మామూలు రోజుల లెక్కతో పెట్టిన పరీక్ష సరిగ్గా ఆ రోజు విలువల్నే కొట్టేస్తుంది. అందుకే దేన్నీ తుడిచేయవద్దు. గుర్తు పెట్టి, లేత రంగులో చూపండి.

6. సర్వర్ ఏది?

నా సలహా సూటిగా చెబుతాను. కొలతలకు ఎర్‌డాప్, మోడల్ గడులకు ఎన్‌సీడబ్ల్యూఎంఎస్ లేదా థ్రెడ్స్. మూడూ డేటాను వెబ్‌లో అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్లే. థ్రెడ్స్ లోపల ఎన్‌సీడబ్ల్యూఎంఎస్ కలిసే వస్తుంది. అన్నీ ఉచితం, అన్నీ జావా మీద నడుస్తాయి, డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను సిద్ధమైన పొట్లంగా నడిపే పద్ధతిలో) ఎక్కించుకోవచ్చు.

మీ దగ్గర ఒకే చిన్న ఫైలుండి, రోజుకు ఒకసారే మారేదైతే సర్వర్ అసలు వద్దు. పైథాన్‌తో సమయానికో చిత్రం, విలువలున్న చిన్న జేసన్ ఫైలు (బ్రౌజర్ చదవగల అక్షరాల ఫైలు) తయారుచేసి మామూలు వెబ్ హోస్టింగ్‌లో పెట్టండి. నిర్వహించే మనిషి లేని పెద్ద సర్వర్ కంటే అది మేలు.

7. ఎర్‌డాప్‌లో కొలతలు పెట్టే క్రమం

1. సెటప్ ఫైలులో సంస్థ పేరు, ఈమెయిల్, చిరునామా నింపండి.
2. జనరేట్ డేటాసెట్స్ ఎక్స్ఎమ్ఎల్ అనే ఉపకరణానికి మీ ఫోల్డర్ చూపండి. అది వర్ణన ముసాయిదా రాసి ఇస్తుంది.
3. ఆ ముసాయిదాను యథాతథంగా వాడకండి. యూనిట్లు, ప్రామాణిక పేర్లు, అనుమతి వాక్యం చేత్తో సరిదిద్దండి.
4. స్టేషన్ గుర్తు, అక్షాంశం, రేఖాంశం, సమయం అనే నాలుగు కాలమ్‌లు ఉన్నాయో లేదో చూసుకుని, డేటా రకాన్ని టైమ్ సిరీస్ అని పెట్టండి.
5. దాస్‌డీడీఎస్ ఉపకరణంతో పరీక్షించండి. లోపం ఏ వరుసలో ఉందో చెబుతుంది.
6. ఎన్ని నిమిషాలకోసారి కొత్త ఫైళ్లు వెతకాలో చెప్పండి. గంటకోసారి వచ్చే డేటాకు పది నిమిషాలు చాలు.

ఇప్పుడు లింకులోనే ప్రశ్న అడగవచ్చు. డేటాసెట్ పేరు చివర జియోజేసన్ అని పెడితే మ్యాపుకు, సీఎస్‌వీ అని పెడితే ఎక్సెల్ వాడేవాళ్లకు అదే డేటా వస్తుంది. సమయం దగ్గర "ఇప్పటికి ఏడు రోజుల ముందు నుంచి" అని చెప్పే వీలుంది. ఆర్డర్‌బైమ్యాక్స్‌లో స్టేషన్, సమయం ఇస్తే ప్రతి స్టేషన్ చివరి విలువ మాత్రమే వస్తుంది. మ్యాపు తెరిచినప్పుడు ఇదొక్కటే అడగండి. పూర్తి చరిత్రను చుక్క నొక్కినప్పుడు తెప్పించండి.

8. మోడల్ పొరలు: డబ్ల్యూఎంఎస్ దగ్గర ఆగిపోయేవాళ్లకు

డబ్ల్యూఎంఎస్ అంటే లింకు ద్వారా మ్యాపు చిత్రం అడిగే పద్ధతి. ఎర్‌డాప్ కూడా గడులకు డబ్ల్యూఎంఎస్ ఇస్తుంది, కానీ ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ రేఖాంశాల డిగ్రీల లెక్క) లోనే. వెబ్‌లో దొరికే బేస్ మ్యాపులు (అడుగున ఉండే మామూలు మ్యాపులు) దాదాపు అన్నీ 3857 (వెబ్ మెర్కేటర్) లో ఉంటాయి. రెండూ కలిపితే పొర జరిగినట్టు కనిపించవచ్చు. ఎన్‌సీడబ్ల్యూఎంఎస్ 3857 లో కూడా చిత్రం ఇస్తుంది. అందుకే గడులకు దాన్ని చెప్పాను.

ఇంకో పాత ఉచ్చు ఉంది. డబ్ల్యూఎంఎస్ 1.1.1 లో 4326 కి రేఖాంశం ముందు, 1.3.0 లో అక్షాంశం ముందు. వెర్షన్ ఒకటి, క్రమం ఇంకొకటి అయితే ఖాళీ చిత్రం వస్తుంది. లోప సందేశం కూడా ఉండదు.

సరిచూసే వరుస:

- గెట్ కేపబిలిటీస్ (సర్వర్‌లో ఏమున్నాయో చెప్పే జాబితా) లింకును బ్రౌజర్‌లో నేరుగా తెరవండి. పొర పేరు, సమయాలు కనిపించాలి.
- గెట్‌మ్యాప్ లింకును చేత్తో రాసి ఒక్క చిత్రం తెప్పించండి. రంగు హద్దులు లింకులోనే ఇవ్వండి.
- గెట్ ఫీచర్ ఇన్ఫోతో ఒక బిందువు విలువ అడిగి, అదే బిందువును ఎక్స్‌అరేలో చూసిన విలువతో పోల్చండి.

ఈ మూడూ అయ్యేదాకా వెబ్ పేజీ రాయడం మొదలుపెట్టకండి. లేకపోతే తప్పు సర్వర్‌లో ఉందో పేజీలో ఉందో తెలియక రెండు చోట్లా తవ్వుకుంటారు.

9. లీఫ్‌లెట్ పేజీ కట్టడం

లీఫ్‌లెట్ అంటే బ్రౌజర్‌లో మ్యాపు చూపే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీ.

1. మ్యాపును విశాఖ, కాకినాడ, మచిలీపట్నం మూడూ కనిపించేలా తెరవండి. బయటికి జరగకుండా హద్దులు పెట్టండి.
2. బేస్ మ్యాపు వేయండి. సముద్రపు లోతులకు గెబ్కో (ప్రపంచ సముద్రాల లోతుల మ్యాపు తయారుచేసేవారు) వారి డబ్ల్యూఎంఎస్ బాగుంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే వాళ్ల పేరు తప్పక చూపాలి. ఎక్కువ రద్దీ ఉండే సైటుకు వాళ్ల టైళ్లు (మ్యాపు ముక్కల చిత్రాలు) నేరుగా వాడకూడదు.
3. మోడల్ పొర వేయండి.
4. తీరరేఖను దాని పైన వేయండి.
5. అన్నిటికీ పైన కొలతల చుక్కలు.
6. సమయపు పట్టీకి లీఫ్‌లెట్ టైమ్ డైమెన్షన్ జోడింపు వాడండి. కేపబిలిటీస్ నుంచి సమయాలను తనే చదువుకుంటుంది.

లీఫ్‌లెట్ బిందువుకు అక్షాంశం ముందు, జియోజేసన్‌కు రేఖాంశం ముందు. తారుమారైతే విశాఖ బోయ్ స్వాల్‌బార్డ్‌కు ఉత్తరాన ఆర్కిటిక్ మంచులో తేలుతుంది. చుక్కలు కనిపించకపోతే ముందు మ్యాపును పైకి జరిపి అక్కడ వెతకండి.

సరిహద్దుల విషయం మరవకండి. మన దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుకు భిన్నంగా చూపడం చట్టరీత్యా నేరం. విదేశీ బేస్ మ్యాపును దేశమంతా కనిపించేలా జూమ్ అవుట్ చేయనిస్తే ఆ చిక్కు మీ నెత్తిన పడుతుంది. మొదటి అడుగులో హద్దులు పెట్టమన్నది అందుకు కూడా.

10. రంగులు, దిశలు

రంగుల హద్దులను స్థిరంగా పెట్టండి. ఉష్ణోగ్రతకు 24 నుంచి 32 డిగ్రీలు, అల ఎత్తుకు 0 నుంచి 4 మీటర్లు మంచి మొదలు. నాలుగు దాటితే వేరే రంగు. ఆటో స్కేల్ వాడితే ప్రతి సమయానికీ రంగుల అర్థం మారిపోతుంది. అర మీటరు అల, నాలుగు మీటర్ల అల ఒకే ఎరుపులో కనిపిస్తాయి.

ఇంద్రధనుస్సు రంగులు వద్దు. పసుపు, ఆకుపచ్చ కలిసే చోట సముద్రంలో లేని గీత ఉన్నట్టు కన్ను భ్రమపడుతుంది. సీఎంఓషన్ అనే రంగుల వరుసలు సముద్రపు డేటా కోసమే తయారయ్యాయి.

దిశల గురించి: గాలికి, అలకు ఎక్కడినుంచి వస్తుందో చెబుతారు. ప్రవాహానికి ఎటు పోతుందో చెబుతారు. మన మాటలోనే ఇది ఉంది. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. కోపర్నికస్ అలల దిశ కూడా "నుంచి" రకమే. బాణం గీసేటప్పుడు దానికి 180 డిగ్రీలు కలపాలి. కలపకపోతే అలలు తీరం నుంచి సముద్రంలోకి పోతున్నట్టు కనిపిస్తాయి. ఏ చదువూ లేకపోయినా ఒడ్డున పుట్టిన పిల్లవాడు ఆ తప్పు పట్టేస్తాడు.

ప్రవాహానికి ఒక నిజ పరీక్ష ఉంది. తూర్పు తీరం వెంట ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి, నవంబర్‌లో దక్షిణానికి సాగుతుంది. ఆ రెండు కాలాల సగటులు గీసి చూడండి. బాణాలు తిరగబడకపోతే ఎక్కడో గుర్తు తప్పింది.

11. కొలత పక్కన అంచనా చూపడం

చుక్క నొక్కితే గ్రాఫు తెరుచుకోవాలి: కొలతకు చుక్కలు, మోడల్‌కు గీత. రెండింటికీ ఒకే గీత వాడకండి.

తీరానికి ఆనుకున్న చోట్ల మోడల్‌ను అతిగా నమ్మవద్దు. 9 కిలోమీటర్ల గడిలో కాకినాడ అఖాతం మొత్తం ఒకటి రెండు గడులకు సరిపోతుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండి లోపలి నీరు నెమ్మదిగా ఉంటుందన్న సంగతి ఆ మోడల్‌కు తెలియదు. నేను గడులను నునుపు చేయకుండా చతురస్రాలుగానే చూపుతాను. ఎంత ముతకగా ఉందో చూసేవాళ్లకు కనబడాలి.

సముద్రమట్టం పోల్చేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. టైడ్ గేజి (ఒడ్డున సముద్రమట్టం కొలిచే పరికరం) సున్నా వేరు, మోడల్ సున్నా వేరు. రెండింటి నుంచీ ఒకే కాలపు సగటు తీసేసి పోల్చండి. రెండోది, కోపర్నికస్ ప్రపంచ భౌతిక మోడల్ ఇచ్చే మామూలు సముద్రమట్టపు అంశంలో పోటుపాటులు ఉండవు. విశాఖలో పున్నమి, అమావాస్యల దరిదాపుల్లో పోటుకు పాటుకు తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఆ రెండింటినీ నేరుగా పక్కపక్కన పెట్టి "మోడల్ తప్పు" అనడం అన్యాయం.

12. తెలుగులో, మొబైల్‌లో

లెజెండ్ (రంగుల వివరణ) చిత్రాన్ని సర్వర్ చేత గీయించకండి. తెలుగు అక్షరాలు పెట్టెలుగా వస్తాయి. మాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) చాలా వెర్షన్లలో ఒత్తులు విడిపోతాయి. రంగుల పట్టీ, అంకెలు, పేర్లు అన్నీ వెబ్ పేజీలోనే హెచ్‌టీఎంఎల్‌గా రాయండి, నోటో సాన్స్ తెలుగు ఫాంటు జతచేయండి.

మాటలు వాడుకలోవే పెట్టండి. "సార్థక తరంగ ఔన్నత్యం" అని రాసి ఎవరికి చెబుతాం? "అల ఎత్తు" అని రాసి, నొక్కితే "మొత్తం అలల్లో అన్నిటికంటే ఎత్తైన మూడో వంతు అలల సగటు, ఒక్కో అల దీనికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చు" అని వివరం చూపండి. ఆ రెండో భాగం చిన్న పడవల్లో వెళ్లేవాళ్లకు చాలా ముఖ్యం.

ఒడ్డున సిగ్నల్ బలహీనంగా ఉంటుంది. ముందుగా చివరి విలువలు అక్షరాల్లో రావాలి, ఆ తరువాత చిత్రాలు. యానిమేషన్ దానంతట అది మొదలుకాకూడదు.

13. తరచూ వచ్చే లోపాలు, వాటి మందు

- సర్వర్ లింకు విడిగా తెరుచుకుంటుంది, పేజీలో చిత్రం రాదు: పేజీ హెచ్‌టీటీపీఎస్, సర్వర్ హెచ్‌టీటీపీ అయి ఉంటుంది. సర్వర్‌కు కూడా సర్టిఫికేట్ పెట్టండి.
- చిత్రాలు వస్తాయి, అంకెలు రావు: కోర్స్ (వేరే సైటు పేజీ తన డేటా చదవడానికి సర్వర్ ఇచ్చే అనుమతి) లేదు. టామ్‌క్యాట్ (జావా సర్వర్లను నడిపేది) ముందు ఉన్న ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్‌లో ఆ హెడర్ చేర్చండి.
- కొత్త ఫైలు వచ్చినా పాత తేదీలే: బ్రౌజర్ గానీ ప్రాక్సీ గానీ కేపబిలిటీస్‌ను దాచుకుంది. దానికి దాచే గడువు కొద్ది నిమిషాలే పెట్టండి.
- ఒడ్డు వెంట వింత రంగుల పట్టీ: నేల ఖాళీ విలువను నీటితో కలిపి సగటు చేశారు. మూడో అంచెకు తిరిగి వెళ్లండి.
- అన్ని స్టేషన్లూ ఒకే చుక్క మీద: స్టేషన్ల అక్షాంశ రేఖాంశాల దశాంశాలు తీసేసి నిల్వ చేశారు.

14. బయటికి వదిలే ముందు

- ప్రతి పొర పేరులో "కొలత" లేదా "అంచనా" అనే మాట ఉందా?
- సమయం, దాని పక్కన "భారత సమయం" కనిపిస్తున్నాయా?
- ఆరు గంటలు దాటిన కొలత బూడిద రంగులోకి మారుతోందా?
- రెండు రోజులు దాటిన మోడల్ లెక్క దానంతట అది తొలగి, "తాజా అంచనా అందలేదు" అని వస్తోందా?
- డేటా ఇచ్చినవారి పేర్లు ఉన్నాయా?
- హెచ్చరికల కోసం ఇన్‌కాయిస్, భారత వాతావరణ శాఖ లింకులు తెర పైభాగంలో ఉన్నాయా? తుఫాను, ఉప్పెన, సునామీ హెచ్చరికలు వాళ్లవే. మీ మ్యాపు ఆ పని చేయదని ఒక్క వాక్యంలో రాయండి.

చిట్టచివరి పరీక్షకు ఒక మామూలు ఫోనును, సముద్రం తెలిసిన ఒక మనిషిని తీసుకుని ఒడ్డుకు వెళ్లండి. ఏమీ వివరించకుండా ఫోను చేతికిచ్చి, "రేపు పొద్దున అల ఎంత ఉంటుంది?" అని అడగండి. ఎక్కడ నొక్కుతారో, ఎక్కడ ఆగుతారో చూసి రాసుకోండి. నా మ్యాపులో సమయపు పట్టీ కింది అంచున ఉండేది, బొటనవేలు దాన్ని కప్పేసేది. కార్యాలయంలో ఎన్నాళ్లు కూర్చున్నా ఆ సంగతి నాకు తెలిసేది కాదు.

15. వదిలిన తరువాత రోజూ

ఉదయాన్నే మూడు చూడండి: చివరి ఫైలు తేదీ, మాట్లాడని స్టేషన్లు, సర్వర్ డిస్కులో మిగిలిన చోటు. ఈ మూడింటినీ చిన్న స్క్రిప్టు చూసి ఫోనుకు సందేశం పంపేలా పెట్టవచ్చు. సందేశం రాకపోతే కూడా అనుమానించాలి కాబట్టి, అంతా బాగున్న రోజు కూడా ఒక సందేశం వచ్చేలా రాయండి. నెలకోసారి ఒక బోయ్‌ను ఎంచుకుని, తెర మీది విలువను మూల ఫైలులోని విలువతో చేత్తో పోల్చండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. చూసేవాళ్లు తగ్గే ఆ రెండు నెలల్లో సర్వర్ వెర్షన్లు మార్చడం, పాత ఫైళ్లు వేరే డిస్కుకు తరలించడం వంటి పెద్ద పనులు పెట్టుకోండి.